కెన్యా టికెట్టుకు మా ఊరి చందా

మా అక్క కొడుకు మీద ఈ పోస్టు రాస్తున్నానని వాడికి తెలుసు. "రాసుకో చిన్నమ్మా, పేరు మాత్రం పెట్టకు" అన్నాడు. పెట్టను.

పోయిన నెల మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ పడింది. పైన నవ్వుతున్న ఒక ఆఫ్రికా పాప, కింద క్యూఆర్ కోడ్, మధ్యలో "కెన్యా పిల్లల భవిష్యత్తు కోసం మీ వంతు సాయం". వాడు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మూడో ఏడు. సెలవుల్లో నకురు దగ్గర ఒక బడిలో మూడు వారాలు వాలంటీరుగా పనిచేస్తాడట. కావాల్సింది రెండు లక్షల నలభై వేలు. గంట తిరగకుండా పెద్దబావ ఐదు వందలు కొట్టాడు. కిరాణా కొట్టు నడిపే మేనత్త కొడుకు వెయ్యి. పత్తి ఏరడానికి కూలికి పోయే మా ఊరి వదిన యాభై రూపాయలు వేసి, దండం పెట్టే బొమ్మ కూడా పెట్టింది. నాకు మండింది అక్కడే.

రాత్రి వాడికి ఫోన్ చేసి లెక్క చెప్పమన్నా. టీచర్ని కదా, లెక్క అడక్కుండా ఉండలేను. విమానం టికెట్ డెబ్బై వేలు. ఏజెన్సీకి లక్షా పది వేలు, ఉండడం, తిండి అందులోనే. టీకా, ఇన్సూరెన్స్, ఆ దేశం ఇచ్చే అనుమతి అన్నీ కలిపి ఇరవై. శని ఆదివారాలు సఫారీకి ముప్పై. మరి బడికేంట్రా అంటే, "గోడలకు రంగులు పది వేలు చిన్నమ్మా."

రంగులేసేది ఎవరు? వీడే. దసరాకు ఇంటికి సున్నం వేద్దాం రారా అంటే నిచ్చెన ముట్టనోడు. నకురులో పెయింటర్లు లేరా?

అంటే వదిన వేసిన యాభైలో ఆ పిల్లలకు చేరేది రెండు రూపాయలు. మిగతా నలభై ఎనిమిది వీడి ప్రయాణానికి. ప్రయాణం తప్పని నేననను. ఇరవై ఏళ్ల పిల్లాడు నాలుగు దేశాలు చూడాల్సిందే. "నాకు కెన్యా చూడాలని ఉంది, డబ్బులు తక్కువయ్యాయి" అని పోస్టర్ వేసి ఉంటే మొదటి ఐదు వేలు నేనే పంపేదాన్ని. ఆ పాప మొహం అడ్డం పెట్టుకుని అడిగాడు చూడండి, అది నాకు మింగుడు పడలేదు. మా ఊరి నుంచి దుబాయ్ పోయినోళ్లు ఏజెంటుకు కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. పాలమూరు నుంచి డ్యాముల పనులకు దేశమంతా తిరిగిన కూలీలు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా మట్టి మోశారు. వాళ్లకెవరూ పోస్టర్ వేయలేదు.

ఇంకో సంగతి. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ గురించి ఈ జిల్లా వాళ్లకు నేను చెప్పేదేముంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క, మా బోర్లు దాన్ని ఎప్పుడో దాటాయి. ఆ నీళ్లు తాగి మా తాతకు యాభై దాటేసరికి నడుము బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. నాకు ఎనిమిదేళ్లప్పుడు జీపులో నలుగురు తెల్లవాళ్లు వచ్చారు. వెంట వచ్చినాయన తాతను గోడ పక్కన నిలబెట్టి, ధోతి మోకాళ్ల పైకి పట్టుకోమన్నాడు. తాత ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ధోతి పట్టుకుని నిలబడ్డాడు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీశారు. నా చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టారు. ఆ తర్వాత ఊళ్లోకి ఏ జీపు వచ్చినా తాత నన్ను పిలిచి అడిగేవాడు, "ఫొటో తెచ్చిన్రా బిడ్డా?" అని. ఆ రోజుల్లో ఆయనకు ఉన్న ఫొటోలు అవి రెండే. అవి ఏ దేశంలో ఉన్నాయో.

వాడికి తెలియనిది, నేను చెప్తే నోరెళ్లబెట్టింది ఏమిటంటే, నకురు నీళ్లలోనూ ఫ్లోరైడే. అది రిఫ్ట్ లోయ, అగ్నిపర్వతాల నేల. అక్కడి పిల్లల పళ్ల మీదా మన పిల్లల్లాగే గోధుమ రంగు చారలుంటాయి. ఫ్లోరైడ్ తగ్గించడానికి నీళ్లలో పటిక, సున్నం కలిపి తిప్పి, తేరుకున్నాక పైనీళ్లు వంచుకునే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే సర్కారు పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేశారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. తూర్పు ఆఫ్రికాలో నీళ్ల పని చేసేవాళ్లకు మన జిల్లా పేరు అట్లా తెలుసు. అడుగున మిగిలే బురదను ఏం చేయాలన్నది అప్పుడూ తలనొప్పే, ఇప్పుడూ తలనొప్పే. నకురులో ఎముకల బొగ్గుతో వడకట్టే పద్ధతి కూడా నడిపారు. వీడు నల్గొండ నుంచి అక్కడికి పోయి గోడలకు రంగులేస్తానంటాడు!

తయారీ సంగతి ఇంకా ఘోరం. టికెట్ బుక్ చేశాడు, లెక్కలో టీకా అని రాశాడు కానీ ఎల్లో ఫీవర్ టీకా వేయించుకునే ఊసే లేదు. అది కనీసం పది రోజుల ముందు పడాలి. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే సర్కారు సంస్థలో వేస్తారు. ఆ టీకా కార్డు లేకుండా కెన్యా నుంచి దిగితే మన ఎయిర్‌పోర్టు వాళ్లే ఆరు రోజుల దాకా విడిగా కూర్చోబెడతారు. మలేరియా మాత్రలు పోకముందు నుంచి వచ్చాక కూడా కొన్నాళ్లు మింగాలి. ఏజెన్సీ వాళ్లు ఇవేమీ చెప్పలేదు, సఫారీ ఫొటోలు మాత్రం పంపారు. ఒక్కటి నయం, వాళ్ల లిస్టులో ఉన్న అనాథాశ్రమం జోలికి వీడు పోలేదు. చూసిపోయే వాలంటీర్లు పెరిగేకొద్దీ అమ్మానాన్న ఉన్న పిల్లలను కూడా తెచ్చి నింపే చోట్లున్నాయి. కెన్యా ప్రభుత్వమే 2017లో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది.

ఇన్ని అన్నాక వాడూ ఒకటి అన్నాడు. "మీ ఊరికి ఎవ్వరూ రాకపోయుంటే ఫ్లోరైడ్ సంగతి బయటికి తెలిసేదా చిన్నమ్మా?" దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. తెలిసేది కాదేమో. కానీ తాత ఫొటో తాతకు రాకపోవడం మాత్రం నేను మాఫ్ చేయను.

పోయిన ఆదివారం కొత్త పోస్టర్ పెట్టాడు. పాప లేదు, వాడి మొహమే ఉంది. సఫారీ కొట్టేశాడు. ప్రయాణం ఖర్చు ఒక లెక్క, బడి ఖర్చు ఇంకో లెక్క. టికెట్టుకు ట్యూషన్లు చెప్పి సంపాదిస్తాడట, చూద్దాం. పాత పోస్టర్‌కు వచ్చిన డబ్బులు అడిగినోళ్లకు వాపసు ఇస్తానని రాశాడు. ఒక్కరూ అడగలేదు. వదినకు మాత్రం నేనే ఫోన్ చేసి, నీ యాభై తీసుకో అన్నా.

"ఇచ్చినవి మళ్లీ తీసుకుంటారా ఎవరైనా? ఆ పిల్లలకు బిస్కెట్లు కొనియ్యమను" అని ఫోన్ పెట్టేసింది.