గ్రీకు ఆర్టికల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గ్రీకు ఆర్టికల్ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇంగ్లీషు ‘the’ లాగా నామానికి ముందు నిలిచి ‘ఫలానా’ అని నిర్దేశించే చిన్న మాట తమరు. తమరు కొలువు తీరిన చోట తమరిని పట్టించుకునే నాథుడు లేడు గానీ, కనిపించని చోట మాత్రం వేదాంతులు దివిటీలు పట్టుకుని వెతుకుతున్నారు. యోహాను సువార్త మొదటి వచనంలో, వాక్యము దేవుడై యుండెనని చెప్పే చోట, ‘థెయోస్’ (దేవుడు) అనే గ్రీకు పదానికి ముందు తమరు లేరు. ఆ గైర్హాజరును సాక్ష్యంగా చూపి ఒక పక్షం ఆ వాక్యమైన క్రీస్తును ‘ఒక దేవుడు’ అని ఒక మెట్టు కిందికి దించుతుంది. ఆ గైర్హాజరుతోనే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వ సిద్ధాంతం రుజువైపోయిందని రెండో పక్షం చప్పట్లు కొడుతుంది. తమ అభిప్రాయమేమిటని మాత్రం ఎవరూ అడగరు.

నిర్దిష్టమైన విధేయ నామం (‘రాముడు రాజు’ అన్నప్పుడు ‘రాజు’ వంటిది) క్రియకు ముందు వచ్చినప్పుడు సాధారణంగా తమరు దాని వెంట ఉండరని 1933లో కాల్‌వెల్ అనే అమెరికన్ పండితుడు చూపారు. దాన్ని తలకిందులు చేసి, క్రియకు ముందు తమరు లేకుండా వచ్చిన ప్రతి నామమూ నిర్దిష్టమేనని ప్రకటించినవారు, ఉద్యోగులు పొద్దున్నే బస్సెక్కుతారు గనుక పొద్దున బస్సెక్కినవారంతా ఉద్యోగులేనని తేల్చినవారితో సమానం. అలాంటి చోట నామం తరచుగా స్వభావాన్ని చెబుతుందని 1973లో హార్నర్ వివరించారు. ఆ మాట ప్రకారం వాక్యానికి దేవుని స్వభావమే ఉన్నదని చెప్పవచ్చు, తండ్రీ వాక్యమూ ఒకే వ్యక్తి అనకుండానూ ఉండవచ్చు. ఇంత చక్కని మాట ఎదుటివాడి నెత్తిన మొత్తడానికి అక్కరకు రాదు గనుక కాబోలు, వాదసభల్లో దాని ఊసు తక్కువ.

తమ ఉనికిని గురించి మర్యాదగా మాట్లాడినవారు లేకపోలేదు. తండ్రి విషయంలో తమరు ఉండటాన్నీ, వాక్యం విషయంలో లేకపోవటాన్నీ గ్రీకు మాట్లాడే క్రైస్తవ పండితుడు ఓరిజెన్ మూడవ శతాబ్దంలోనే గమనించి, యోహాను సువార్త వ్యాఖ్యానంలో నింపాదిగా చర్చించాడు. లండన్‌లో బట్టల వర్తకుని దగ్గర పని నేర్చుకుంటున్న గ్రాన్‌విల్ షార్ప్‌ను, త్రిత్వాన్ని ఒప్పుకోని సహవాసి ఒకడు గ్రీకు రానివాడివని తప్పుపట్టగా, అతడు అలగలేదు, తిట్టలేదు; కూర్చుని గ్రీకు నేర్చుకున్నాడు. బానిసత్వంపై పోరాడి బానిసను ఇంగ్లండ్ నుంచి బలవంతంగా తరలించరాదని తీర్పొచ్చిన 1772 నాటి సోమర్‌సెట్ కేసు వెనుక నిలిచిన షార్ప్ ఇతడే. ‘మరియు’తో కలిసిన రెండు నామాలలో మొదటిదానికి మాత్రమే తమరు తోడుంటే రెండూ ఒకే వ్యక్తిని చెబుతాయని 1798లో సూత్రం కట్టి, ‘మహాదేవుడును మన రక్షకుడునైన యేసుక్రీస్తు’ అనే తీతుకు 2:13 వంటి వచనాలకు అన్వయించాడు. ఆ నామాలు ఏకవచనంలో ఉండాలనీ, వ్యక్తులనే చెప్పాలనీ, సంజ్ఞానామాలు కారాదనీ అతడు పెట్టిన షరతులను అభిమానులు దారిలోనే జారవిడిచారు. 1803లో మారుపేరు చాటున ఒకాయన ఆ సూత్రాన్ని ఎగతాళి చేస్తూ ఆరు లేఖలు అచ్చువేశాడు. (లేఖలు రాసి వెక్కిరించేవారిని తప్పుపట్టే అర్హత ఈ లేఖకుడికి లేదని తమరు గ్రహించే ఉంటారు.) 1808లో తమ మీద ఒక పెద్ద గ్రంథమే రాసిన మిడిల్‌టన్‌ను 1814లో కలకత్తా మొదటి ఆంగ్లికన్ బిషప్‌గా నియమించగా, కంపెనీ ఏలుబడిలోని తెలుగు జిల్లాలు కూడా ఆయన పరిధిలోకే వచ్చాయి. తమరు అసలే లేని భాషల నడుమ ఆయనకు తమ మీద బెంగ పుట్టిందో లేదో!

తమకు నా విన్నపం ఒక్కటే. ఇకపై ఎవరైనా మొదటి వచనం చేతబట్టి తమరిని సాక్షిగా పిలిస్తే, బోనెక్కక ముందే వారిని అదే అధ్యాయం 6, 12, 13, 18 వచనాలు గ్రీకులో చదవమనండి. అక్కడా ‘థెయోస్’ తమరు లేకుండానే వస్తుంది. ‘ఒక దేవుని యొద్దనుండి’ యోహాను పంపబడ్డాడని ఏ పక్షమూ అనదు.

ఇట్లు,
తమ గైర్హాజరును గౌరవించు
ఒక పాఠకుడు