చివరి గుండీ

చొక్కా గుండీ పెట్టుకోవడం ఎప్పుడు నేర్చుకున్నామో మనలో ఎవరికీ గుర్తుండదు. ఎదుగుదల ఆలస్యమైన పిల్లవాడికి అదే పని నేర్పే తల్లి మాత్రం దాన్ని అయిదారు ముక్కలు చేసుకుంటుంది. గుండీని వేళ్లతో పట్టుకోవడం, రెండో చేత్తో కాజాను తెరిచి ఉంచడం, అంచును లోపలికి తోయడం, అవతలి నుంచి అందుకోవడం, లాగడం. మొదట్లో అన్నీ తనే చేసి, ఆఖరున లాగడం ఒక్కటీ వాడికి వదులుతుంది. వాడు లాగుతాడు, గుండీ పడుతుంది. పని పూర్తి చేసింది వాడే! అది చేతికి అలవాటయ్యాక, దాని ముందు మెట్టునూ వాడికే వదిలేస్తుంది. ఇలా వెనక నుంచి ముందుకు నేర్పుకుంటూ రావడం ప్రత్యేక విద్యలో బాగా తెలిసిన పద్ధతి. ఒక్క గుండీకి నెలలు పట్టవచ్చు.

స్ఫూర్తి కథల్లో ఈ నెలలు కనిపించవు. మొదటి పేరాలో డాక్టర్ చెప్పిన కబురు, చివరి పేరాలో పతకం, మధ్యలో ‘తల్లి త్యాగం’ అనే రెండు మాటలు. చదివి కళ్లు తుడుచుకుంటాం, ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతాం, పేజీ తిప్పేస్తాం. ఆ మొక్కుతో మన వంతు తీరిపోయిందనుకోవడమే మా బాధ.

అందరికీ తెలిసిన కథనే తీసుకుందాం. 1887 ఏప్రిల్ 5న అమెరికాలోని టస్కంబియాలో, పంపు కింద హెలెన్ కెల్లర్ ఒక చేతి మీద నీళ్లు పడుతుండగా, రెండో అరచేతిలో ‘నీళ్లు’ అన్న మాటను ఆమె టీచర్ ఆనీ సలివన్ వేళ్లతో రాశారు. ప్రతి వస్తువుకూ ఒక పేరుంటుందని, చూపూ వినికిడీ లేని ఆ ఆరేళ్ల పిల్లకు అప్పుడు తెలిసింది. సలివన్ ఆ ఇంట అడుగుపెట్టింది మార్చి 3న. మరి మధ్యలో ఆ నెల రోజులూ? హెలెన్ కొట్టేది, గిల్లేది, పక్కవాళ్ల కంచాల్లో చేయి పెట్టేది. జాలితో ఇంట్లోవాళ్లెవరూ అడ్డు చెప్పేవారు కాదు. అందుకే పిల్లను దగ్గర్లోనే ఉన్న చిన్న ఇంటికి తీసుకెళ్లి, సలివన్ రెండు వారాలు విడిగా గడిపారు. వేళ్లతో చెప్పిన అక్షరాలను హెలెన్ తిరిగి చెప్పేది, అర్థం మాత్రం తెలిసేది కాదు. కప్పు ఏదో, అందులోని నీళ్లేవో తేడా పట్టుబడక, విసుగెత్తి బొమ్మను నేలకేసి కొట్టిన రోజే వాళ్లిద్దరూ ఆ పంపు దగ్గరికి నడిచింది. ఆ తర్వాత గంట కొట్టి పాఠం చెప్పే పద్ధతినే సలివన్ వదిలేశారు. మాటలు రాని పసిబిడ్డతో పెద్దవాళ్లు ఊరికే కబుర్లాడినట్టు, హెలెన్ అరచేతిలో పూర్తి వాక్యాలు చెబుతూ పోయారు.

అప్పటికి సలివన్ వయసు ఇరవై ఏళ్లు. తానూ చూపు సరిగా లేక, నిరుపేదల ఆశ్రమం నుంచి బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకు చేరిన అమ్మాయి. చూపూ వినికిడీ లేని లారా బ్రిడ్జ్‌మన్‌కు ఆ బడి 1837 నుంచీ చదువు చెప్పింది. ఆ వేళ్ల భాషను సలివన్ లారాతో ఉంటూ ఆమె దగ్గరే నేర్చుకున్నారు. పంపు దగ్గర జరిగినదాన్ని అద్భుతం అంటే మాకు అభ్యంతరం లేదు. కానీ దాని వెనక ఒక బడి యాభై ఏళ్లు కూడబెట్టిన విద్య ఉంది. ఆ బడే లేకపోతే, తల్లి ఎంత త్యాగమూర్తి అయినా హెలెన్‌కు సలివన్ దొరికేవారా?

ఈ పిల్లల కోసం కనిపెట్టినవి మిగతా పిల్లలకూ అక్కరకొచ్చాయి. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి తెరిచిన బాలల గృహంలోని బోధన పరికరాలకు మూలం, బడికి పనికిరారని పక్కన పెట్టిన పిల్లల మీద ఇటార్డ్, సెగ్విన్ అనే ఫ్రెంచి వైద్యులు పెట్టిన శ్రమ. వేళ్లకు పని నేర్పే గుండీల చట్రం ఇవాళ మామూలు బళ్లలోనూ ఉంటుంది.

అలాంటి బళ్ల గేటు దగ్గరే ఈ పిల్లలకు ఎదురయ్యే మాట ‘మా దగ్గర సదుపాయం లేదండీ’. పిల్లలందరినీ మామూలు బళ్లలోనే చేర్చుకోవాలని 1994లో స్పెయిన్‌లోని సాలమంకాలో ప్రపంచ దేశాలు తీర్మానించాయి. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక దాన్ని హక్కుగా రాసింది. సదుపాయం అంటే మేడలు కాదు. శిక్షణ పొందిన ఒక టీచర్, కాస్త ఎక్కువ సమయం, మాట రాని పిల్లకు బొమ్మల కార్డులు. కార్డులిస్తే ఇక నోరు విప్పరన్న భయం చాలామందికి ఉంది. అది నిజం కాదని పరిశోధనలు తేల్చాయి, వాటి ఆసరాతో మాటలు పెరిగిన పిల్లలున్నారు.

తల్లిదండ్రుల్ని రాత్రుళ్లు తినేసే ప్రశ్న మాత్రం బడితో తీరేది కాదు: ‘మా తర్వాత వీడికెవరు?’ దీనికి జవాబు ఒక్క కుటుంబమే వెతుక్కోవాలనడం అన్యాయం. తమ్ముడి భారమంతా ఇప్పటి నుంచే తన మీద ఉందని పదేళ్ల అక్కకు అనిపించనివ్వడం ఇంకా అన్యాయం. వారానికి ఒక పూట పిల్లను నమ్మకంగా అప్పగించి వెళ్లే చోటు, పెద్దయ్యాక తోడుతో బతికే ఇల్లు, చేతనైన పని ఇవ్వడం ప్రభుత్వాలు చేయాల్సినవి, చేయగలిగినవి.

స్ఫూర్తి కథనాలు మేమూ ప్రచురిస్తున్నాం, మానం. నిన్ననే డాక్టర్ నోట ఆ కబురు విన్న ఇంటికి వాటి అవసరం ఉంది. అయితే మా విలేకరి అలాంటి గడప తొక్కినప్పుడు, పతకం సంగతికి ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎన్ని బళ్లు తిప్పి పంపాయి, ఏ బడి చేర్చుకుంది, నేర్పిన టీచర్ ఎవరు, నిన్న రాత్రి ఆ అమ్మ ఎన్ని గంటలు నిద్రపోయింది.