201వ యూనిట్ ఖరీదు 207 రూపాయలు

మా అపార్ట్‌మెంట్‌లో మీటర్లన్నీ సెల్లార్‌లో మెట్ల పక్కన వరసగా ఉంటాయి. ఎండలు ముదిరాయంటే రాత్రిపూట అక్కడ ఫోన్ టార్చ్‌లు వెలుగుతుంటాయి. వచ్చేది రీడింగ్ తీసేవాళ్లు కాదు, కాపురం ఉండేవాళ్లే. 'నూట ఎనభై ఏడైంది, బిల్లు కొట్టడానికి ఇంకా నాలుగు రోజులుంది' అని మొన్న వేసవిలో ఒకావిడ ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నాను. ఆ నాలుగు రాత్రులూ వాళ్లింట్లో ఏసీ వేసి ఉండరు.

ఆవిడ టెన్షన్ ఊరికే కాదు. తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి 2022 మార్చి 23న ఇచ్చిన ఉత్తర్వులోని రేట్లతో లెక్క వేసి చూడండి. నెలకు 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు యూనిట్ రూ.3.40, రెండో వందకు రూ.4.80. మొత్తం 820 రూపాయలు. 201 కాలిస్తే అసలు కేటగిరీయే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 లెక్కన, చివరి ఒక్కదానికి రూ.7.70 పడుతుంది. మొత్తం రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, కరెంటు మీద పన్ను ఇందులో కలపలేదు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం కింద జీరో బిల్లు అందుకుంటున్న తెల్ల రేషన్ కార్డు ఇంటికైతే ఈ దెబ్బ ఇంకా పెద్దది. 200 దాకా పైసా కట్టక్కర్లేదు, ఒక్క యూనిట్ దాటితే బిల్లు మొత్తం నెత్తిన పడుతుంది.

'చార్జీలు పెంచలేదు' అని ప్రభుత్వాలు చెప్పుకునేది అబద్ధం కాదు. 2022లో ఇళ్లకు యూనిట్‌కు 50 పైసలు, మిగతావాళ్లలో చాలామందికి రూపాయి పెంచాక, 2025-26 దాకా ఇళ్ల యూనిట్ రేట్లు కదల్లేదు. కానీ జనం కట్టేది రేటు కాదు, బిల్లు. నిరుడు మే నెలలో 190 యూనిట్లు కాల్చిన ఇల్లు ఈ మేలో 210 కాల్చిందనుకోండి. వాడకం పెరిగింది పదిన్నర శాతం. బిల్లు మాత్రం 772 నుంచి 1,097కి, అంటే 42 శాతం పెరిగింది. ఏ ఉత్తర్వూ రాలేదు, ఎవరూ ధర్నా చేయలేదు.

ధర్నా అన్నాను కాబట్టి, ఈ హైదరాబాద్‌లో కరెంటు చార్జీలంటే గుర్తొచ్చేది బషీర్‌బాగ్. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపు మీద అసెంబ్లీకి బయల్దేరిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత ఏ పార్టీ గద్దెనెక్కినా చార్జీల ఫైలు ముట్టుకోవాలంటే చేయి వణికింది. వణకడం మంచిదే. కాకపోతే ఆ భయం వల్ల ఖర్చు తగ్గలేదు, కనబడకుండా పోయిందంతే. 2016-17 తర్వాత 2022 దాకా పెంపు లేదు. మధ్యలో కొన్నేళ్లు డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, ఏడాదికి తమకు ఎంత రాబడి కావాలో చెప్పే లెక్కలు కూడా మండలికి ఇవ్వలేదు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం ఇచ్చిన శ్వేతపత్రం చూస్తే విద్యుత్ సంస్థల అప్పులు రూ.81,516 కోట్లు. ప్రభుత్వ శాఖలు డిస్కంలకు పడ్డ బాకీ రూ.28 వేల కోట్ల పైమాటే, అందులో సగం దాకా ఎత్తిపోతల పథకాలది. సామాన్యుడు నెల బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీక్కుపోతారు. ఎత్తిపోతల మోటారు ఫ్యూజు పీకేదెవరు?

200 దగ్గర ఈ గోడ ఎందుకంటే, పేదలకు తక్కువ, ఉన్నవాళ్లకు ఎక్కువ అంటారు. న్యాయమైన మాటే. కానీ ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు యూనిటున్నర తాగే చోట, టూ బీహెచ్‌కేలో అద్దెకున్న గుమాస్తా కూడా మే నెలలో 'ఉన్నవాడు' అయిపోతున్నాడు. నిజంగా ఉన్నవాళ్లు ఒకే ఇంటికి అంతస్తుకో మీటర్ పెట్టించుకుని వాడకాన్ని పంచేసుకుంటారు. అద్దెకున్నవాడికి ఆ వీలు లేదు. సబ్ మీటర్ కిందున్నవాడి సంగతి మరీ అన్యాయం. నేను బ్యాచిలర్‌గా ఉన్నప్పుడు మా ఓనర్ యూనిట్‌కు పది రూపాయల లెక్కన తీసుకునేవాడు. 'మొత్తం బిల్డింగ్ పై స్లాబ్‌లో పడుతోంది బాబూ' అనేవాడు. అందులో ఎంత నిజమో ఈ రోజుకీ తెలియదు.

పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో సరిగ్గా మన ఉత్తర్వు వచ్చిన నెలలోనే, 2022 మార్చి చివర, ఇళ్లకున్న ఇలాంటి కేటగిరీలు ఎత్తేసి అందరికీ ఒకే వరుస స్లాబులు పెట్టారు. స్లాబు దాటితే దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు, కిందివాటి రేటు మారదు. అక్కడ తర్వాత బిల్లులో అదనంగా కలిపిన సర్దుబాటు చార్జీలతో జనం తిట్టుకున్నారు, అది వేరే సంగతి. స్లాబుల పద్ధతి మాత్రం మనకన్నా నయం. ఇక్కడా అలా చేస్తే డిస్కంల ఆదాయం తగ్గుతుంది. దాన్ని 400 దాటిన స్లాబుల్లో కొన్ని పైసలు పెంచి పూడ్చుకోవచ్చు. అది కూడా పెంపే, నాకు తెలుసు. చెప్పి పెంచడం వేరు, ఒక్క యూనిట్‌తో పడగొట్టడం వేరు.

డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలు నవంబర్ 30లోగా మండలికి ఇవ్వాలి. ఆపైన మండలి అభ్యంతరాలు తీసుకుని బహిరంగ విచారణ పెడుతుంది. పరిశ్రమల వాళ్లు లాయర్లతో, కాగితాల కట్టలతో వస్తారు. అద్దె ఇళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఎక్కడో ఒకరు. ఈసారి ఆ 820, 1,027.70 లెక్క ఒక పేజీలో రాసి పంపుతున్నాను. సెల్లార్‌లో ఫోన్ పట్టుకున్న ఆవిడనూ సంతకం అడగాలి.