వెనకతల నొప్పైతే బీపీ అట, మాత్ర నాలుక కింద పెట్టాలట!

ఎక్కడ నొప్పైతే ఏ రోగమో చెప్పే తలనొప్పుల బొమ్మ ఒకటి ఫోన్‌లో తిరుగుతోంది. ఈ వారంలో అది నాకు రావడం నాలుగోసారి. ఐదు తలకాయలు, ఒక్కోదాని మీద ఒక్కోచోట ఎర్ర మరక. నుదురు నొప్పైతే సైనస్, కణతలైతే కంటిచూపు, నడినెత్తైతే గ్యాస్, వెనకతలైతే బీపీ, ఒక పక్కైతే మైగ్రేన్. కింద వైద్యం కూడా ఉచితం. పంపినవాళ్లలో నలుగురికి సలహా చెప్పే స్థాయి చదువులు చదివినవాళ్లూ ఉన్నారు, అదీ బాధ.

తలనొప్పి రకాన్ని తేల్చేది చోటు కాదు. అది ఎలా మొదలైంది, ఎంతసేపు ఉంటుంది, ఆ సమయంలో మనిషి ఏం చేస్తాడు అన్నవే తేలుస్తాయి. మందు వేసుకోకపోతే మైగ్రేన్ 4 నుంచి 72 గంటలు ఉంటుంది. మెట్లెక్కితే పెరుగుతుంది, వెలుతురు, చప్పుడు పడవు, కడుపులో తిప్పుతుంది. మనిషి తలుపేసుకుని చీకట్లో పడుకుంటాడు. టెన్షన్ తలనొప్పి తువ్వాలు బిగించి కట్టినట్టు రెండు వైపులా పట్టేస్తుంది కానీ పని ఆగదు, వాంతులుండవు. క్లస్టర్ తలనొప్పి ఒక కంటి చుట్టూ 15 నిమిషాల నుంచి 3 గంటలు పొడుస్తుంది. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, మనిషి పడుకోలేక గదంతా తిరుగుతాడు. ఈ మూడూ నుదుటి దాకా రావచ్చు. బొమ్మ ప్రకారం మూడూ సైనస్సే!

సైనస్ అంటే చిక్కటి చీమిడి, ముక్కు దిబ్బడ, వాసన తెలియకపోవడం, ఒక్కోసారి జ్వరం ఉండాలి. తమది సైనస్ తలనొప్పే అనుకుంటున్న దాదాపు 3 వేల మందిని అమెరికాలో పరీక్షిస్తే 88 శాతం మందిలో మైగ్రేన్ లక్షణాలు తేలాయని 2004లో ప్రచురించారు. మైగ్రేన్‌లోనూ ముక్కు కారుతుంది. తికమక అక్కడే, ఏటా యాంటీబయాటిక్ కోర్సులూ అక్కడే.

నడినెత్తిన గ్యాస్? కడుపు నుంచి నెత్తికి గొట్టం లేదు. మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు కదలిక మందగించి తేన్పులొస్తాయి, అంతే. కళ్లద్దాల సంగతి: చదివాక సాయంత్రానికి కళ్లు లాగుతుంటే చూపించుకోండి. వాంతులతో వచ్చే తలనొప్పి నంబరు మారిస్తే పోదు.

ఇక అసలు ఘోరం. "వెనకతల నొప్పైతే బీపీ పెరిగినట్టే. బీపీ మాత్ర ఇంకొకటి నాలుక కింద పెట్టుకుని పడుకోండి." రాసిన మహానుభావుడెవరో!

150/95 ఉన్నంత మాత్రాన తల నొప్పెట్టదు. అందుకే బీపీ ఏళ్ల తరబడి తెలియకుండా ఉంటుంది. తలనొప్పికి బీపీ కారణం కావాలంటే సాధారణంగా 180/120 ప్రాంతానికి చేరాలి. పైగా నొప్పి వల్లే బీపీ పెరుగుతుంది, కాబట్టి నొప్పిలో చూసిన అంకెను నమ్మి ఇంకో మాత్ర మింగకండి. తగ్గాక కూర్చుని మళ్లీ చూడండి. నాలుక కింద మాత్రతో బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు రక్తం చాలక పక్షవాతం రావచ్చు.

ఇంకా పెద్ద ప్రమాదం "పడుకోండి" అన్న మాటలో ఉంది. మెదడు కింద రక్తనాళపు బుడగ పగిలినప్పుడు నొప్పి చాలాసార్లు వెనకతలలోనే మొదలవుతుంది. ఒక్క నిమిషంలోపే భరించలేని స్థాయికి చేరుతుంది. వాంతి అవుతుంది, కాసేపటికి మెడ బిగుసుకుంటుంది. అప్పుడు 108కి ఫోన్ చేయాలి, మొదలైన టైమ్ రాసుకోవాలి. మొదటి 6 గంటల్లో తీసిన సీటీ స్కాన్‌లో ఆ రక్తం దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది, ఆలస్యమైతే పలచబడి తప్పిపోవచ్చు, వెన్నునీరు తీసి చూడాల్సి వస్తుంది. ఈలోగా ఆస్పిరిన్ వేయకండి, రక్తస్రావం ఎక్కువవుతుంది.

బాలింతలకు వచ్చే తలనొప్పి బొమ్మలో లేనే లేదు. చలిగాలి తగిలిందని చెవులకు గుడ్డ కట్టి, నీళ్లు కూడా తగ్గించి గదిలో ఉంచుతారు. కాన్పైన 6 వారాల్లోపు కొత్తగా తీవ్రమైన తలనొప్పి వస్తే, చూపు మసకబారినా ఫిట్స్ వచ్చినా అసలు ఆగకుండా, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెదడు సిరల్లో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) ముందు సూచన కావచ్చు. 50 దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పీ అంతే. దువ్వుకుంటే మాడు నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే ఈఎస్‌ఆర్ (రక్తనాళాల వాపును పట్టించే రక్తపరీక్ష) చేయించాలి. ఆలస్యమైతే చూపు పోవచ్చు.

"ముందుజాగ్రత్తగా రోజూ పొద్దున ఒక మాత్ర" అన్నది చివరి ఆణిముత్యం. ఉత్త పారాసెటమాల్ నెలకు 15 రోజులు, కెఫీన్ లాంటివి కలిపిన మాత్రలైతే 10 రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది. మాత్ర ప్రభావం తగ్గగానే నొప్పి, నొప్పికి మళ్లీ మాత్ర. క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజున గీత పెట్టండి, నెలలో గీతలు 10 దగ్గరకొస్తే డాక్టర్‌కి ఆ క్యాలెండరే చూపించండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. "తలస్నానం చేసి తడిజుట్టుతో తిరిగితే తలనొప్పి" అని బొమ్మ అడుగున ఉన్న మాటను నవ్వి కొట్టిపారేయబోయాను. కానీ తలస్నానంతో మైగ్రేన్ మొదలయ్యే 94 మంది భారతీయ రోగుల గురించి 2006లో వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. అందరికీ కాదు, కొందరికి నిజమే. అలాంటివాళ్లు శనివారం ఉపవాసమూ తలంటూ ఒకే రోజు పెట్టుకోకండి, ఖాళీ కడుపు కూడా మైగ్రేన్‌ను లేపుతుంది.