కేపీ ఉల్లికి ఎగుమతి తాళం ఎందుకు?

మైదుకూరు పరిసరాల్లో పండే కృష్ణాపురం ఉల్లి, రైతుల నోట కేపీ ఉల్లి, మన వంటింటికి రాదు. గడ్డ చిన్నది, ఘాటు ఎక్కువ. మలేషియా, సింగపూర్, శ్రీలంక, థాయ్‌లాండ్ వంటి దేశాలవారు ఇష్టపడి కొంటారు కాబట్టే కడప రైతు దాన్ని వేస్తాడు. దేశంలో ఉల్లి ధర పెరిగిందని ఈ గడ్డను ఓడ ఎక్కనివ్వకపోతే ఢిల్లీ వినియోగదారుకు ఒక్క రూపాయి కూడా కలిసిరాదు. రైతుకు మాత్రం ఉన్న ఒక్క గిరాకీ పోతుంది. 2020 సెప్టెంబరు 14న కేంద్రం అన్ని రకాల ఉల్లి ఎగుమతినీ నిషేధించినప్పుడు జరిగింది ఇదే. అక్టోబరు 9న సడలింపు వచ్చింది గానీ, 10 వేల టన్నులే, చెన్నై రేవు గుండానే, 2021 మార్చి 31లోగానే అన్న షరతులతో వచ్చింది. అమ్మేవాడు, కొనేవాడు తేల్చుకోవలసిన లెక్కను ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ తేల్చింది.

ఆ నిషేధం వచ్చిన మర్నాడే లోక్‌సభ నిత్యావసర సరుకుల చట్టానికి సవరణను ఆమోదించింది. ఉల్లి వంటి సరుకులపై అసాధారణ పరిస్థితుల్లో తప్ప నియంత్రణ ఉండదన్నది దాని సారాంశం. మూడు వ్యవసాయ చట్టాల్లో ఒకటైన ఆ సవరణ, మిగతా రెండింటితో పాటు మరుసటి ఏడాది నవంబరులో రద్దయింది. ఆ చట్టాల మంచిచెడ్డలపై ఎవరి అభిప్రాయం ఏదైనా, ఒక చేత్తో స్వేచ్ఛను రాసిస్తూ మరో చేత్తో రేవు మూసే ప్రభుత్వాన్ని రైతు ఎందుకు నమ్మాలి?

కర్నూలు రైతుకు దెబ్బ మరో దారిలో తగులుతోంది. ఇక్కడి ఖరీఫ్ గడ్డలో తేమ ఎక్కువ. మహారాష్ట్ర రబీ ఉల్లిలా నెలల తరబడి నిల్వ ఉండదు. తవ్విన కొద్ది రోజుల్లోనే యార్డుకు తేవాలి, పలికిన ధరకు ఇచ్చేయాలి. ఆంక్షల తేదీలు చూడండి: 2019 సెప్టెంబరు 29న నిషేధం, 2020 సెప్టెంబరులో మళ్లీ నిషేధం, 2023 ఆగస్టులో 40 శాతం సుంకం, అదే ఏడాది డిసెంబరులో పూర్తి నిషేధం. రబీ నిల్వలు తగ్గి ధర లేచే కాలమూ, మన గడ్డ యార్డుకు చేరే కాలమూ ఒకటే కావడంతో, ఏడాది పొడవునా నష్టాన్ని ఓర్చుకున్న రైతుకు నాలుగు డబ్బులు కనిపించే వారాల్లోనే ప్రభుత్వం అడ్డుపడుతోంది. ధర పడిపోయినప్పుడు ఇదే వేగంతో కదిలిన దాఖలా తక్కువ.

సుంకం 2025 ఏప్రిల్ 1న పూర్తిగా తొలగింది. అయినా ఆ ఖరీఫ్‌లో కర్నూలులో ధర కుప్పకూలింది. రాష్ట్ర ప్రభుత్వం క్వింటా 1,200 రూపాయలకు కొని, తర్వాత హెక్టారుకు 50 వేల రూపాయల సాయం ప్రకటించవలసి వచ్చింది. ఆ పతనానికి ఎగుమతి ఆంక్షలొక్కటే కారణమని మేము అనము. అయితే మనం పదేపదే తలుపు మూస్తే విదేశీ వ్యాపారి వేరే దేశపు సరుకు వెతుక్కుంటాడు; తలుపు తీసిన రోజే తిరిగి రాడు. ఆ నష్టాన్ని చివరికి మన ఖజానాయే పూడ్చుతోంది.

స్వేచ్ఛా మార్కెట్ అనగానే అది కార్పొరేట్ల మాటగా కొట్టిపారేసే అలవాటు మన దగ్గర ఉంది. కానీ 1959లో, స్వేచ్ఛా మార్కెట్‌ను కోరిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైన ఆచార్య ఎన్.జి. రంగా రైతు నాయకుడు. సహకార వ్యవసాయం పేరిట రైతు చేతిలోని నిర్ణయం సర్కారు చేతికి పోతుందని ఆయన ఎదిరించారు. పొలం ఎవరిదో తేలాక, పంట ఎవరికి అమ్మాలన్నది కూడా ఆ పొలం వాడిదే కావాలి.

ఉల్లి కిలో వంద రూపాయలు దాటితే కూలి ఇంటికి కష్టమే, కాదనం. ఆ భారం ప్రభుత్వానిది. రేషన్ కార్డుదారుల ఖాతాల్లో ఆ కొద్ది నెలలకు నగదు వేసి దాన్ని మోయవచ్చు. కూలి కుటుంబాన్ని ఆదుకునే ఖర్చును కోడుమూరు రైతు ఒక్కడి నెత్తిన వేయడం న్యాయం కాదు.

కేపీ ఉల్లికి ఏ నిషేధమూ, పరిమితీ వర్తించదని కేంద్రం శాశ్వత ఉత్తర్వు ఇవ్వాలి. ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ఉల్లి ఎగుమతులపై కొత్త ఆంక్షలు ఉండవని నాట్లకు ముందే ప్రకటించాలి. కర్నూలు, కడప ఎంపీలు ఏ పార్టీ వారైనా, వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఈ రెండు కోరికలనూ కలిసి సభ ముందుంచాలి.