మద్దెల బాగు చేసిన దుర్మార్గులు

కంప్యూటర్ గ్రాఫిక్స్ నేర్చుకోకుండా ఉండటం ఒకప్పుడు చాలా సులువు. పెద్దగా కష్టపడక్కర్లేదు. "మంచి పుస్తకం దొరకడం లేదండీ" అంటే సరిపోయేది. అవతలివాడు కూడా నిట్టూర్చి, "దొరికినా ఆ ధర పెట్టి ఎవరు కొంటారులెండి" అనేవాడు. ఇద్దరి పరువూ నిలిచేది. ఆడలేక మద్దెల ఓడు అనే సామెతను పెద్దలు వెక్కిరింపుగా వాడారే గానీ, ఓటి మద్దెల మనిషి గౌరవాన్ని ఎంతగా కాపాడుతుందో వాళ్లు ఆలోచించినట్టు లేదు. గత పాతికేళ్లుగా కొందరు రచయితలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఆ మద్దెలను బాగు చేసి, డబ్బు కూడా పుచ్చుకోకుండా మన ముందు పెట్టి వెళ్తున్నారు. ఇక ఆడక తప్పని పరిస్థితి. ఈ వ్యాసం వాళ్ల మీద ఫిర్యాదు.

పాత ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉండేదో ఈ తరానికి తెలియదు. ముందుగా రంగుల సంగతి. కాంతి, రంగు, నీడ గురించిన శాస్త్రాన్ని నలుపు తెలుపుల్లో అచ్చువేయాలనే ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వాళ్లకి చేతులెత్తి మొక్కాలి. "ఎర్ర గోడ మీద పడిన కాంతి పక్కనున్న తెల్ల పెట్టె మీదికి ఎలా ప్రసరించిందో బొమ్మలో గమనించండి" అని పాఠంలో ఉంటుంది. బొమ్మలో చూస్తే బూడిద రంగు గోడ పక్కన బూడిద రంగు పెట్టె. గమనించాం. రంగు బొమ్మలు అసలు లేవని కాదు, ఉన్నాయి. అన్నిటినీ పోగేసి, నున్నటి కాగితం మీద వేసి, పుస్తకం మధ్యలో ఒకచోట కుట్టేసేవారు. కాబట్టి ఒక వేలు పాఠం దగ్గర, ఒక వేలు రంగు ప్లేట్ల దగ్గర, ఇంకో వేలు గుర్తుల పట్టిక దగ్గర పెట్టుకుని చదవాలి. కీబోర్డు మీద పెట్టడానికి వేళ్లు మిగిలేవి కావు. ప్రోగ్రాం రాయలేకపోవడానికి ఇంతకంటే భౌతికమైన కారణం ఏం కావాలి?

తర్వాత సీడీ. వెనక అట్ట లోపల ఒక ప్లాస్టిక్ కవరు, అందులో సీడీ, అంతకు ముందైతే ఫ్లాపీ. పూర్తి కోడ్ దాన్లో ఉందన్న ధైర్యంతో పుస్తకంలో ముఖ్యమైన ముక్కలు మాత్రమే వేసేవారు. సెకండ్‌హ్యాండ్ కాపీ కొంటే కవరు ఉండేది, సీడీ ఉండేది కాదు. ఇప్పుడు సీడీ ఉన్నా దాన్ని పెట్టే డ్రైవ్ ల్యాప్‌టాప్‌లో లేదు. సీడీలు పోయి "కోడ్ మా వెబ్‌సైట్‌లో ఉంది" అనే కాలం వచ్చాక కొంత కంగారు పుట్టిన మాట నిజమే. కానీ ప్రచురణ సంస్థలు ఒకదాన్నొకటి కొనేసుకుని, పాత లింకులన్నీ చెడగొట్టి ఆ లోటు పూడ్చాయి.

అన్నిటికంటే పెద్ద అండ కాలం. పుస్తకం రాయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. గ్రాఫిక్స్ రంగం అంతసేపు కదలకుండా కూర్చోదు. ఓపెన్‌జీఎల్ అనే ప్రమాణం 1992లో వచ్చింది. ప్రోగ్రాం గ్రాఫిక్స్ కార్డు చేత బొమ్మ గీయించడానికి వాడే ఆదేశాలవి. జీఎల్‌బిగిన్ అని మొదలెట్టి, మూడు బిందువులు చెప్పి, జీఎల్‌ఎండ్ అంటే త్రిభుజం వచ్చేసేది. 2008లో 3.0 వెర్షన్ ఆ పద్ధతికి కాలం చెల్లిందని ప్రకటించింది, మరుసటి ఏడాది 3.1లో తీసేశారు. అయినా ఆ రెండు ఫంక్షన్లు ఎన్నో పాఠాల్లో పింఛను తీసుకుంటూ హాయిగా బతుకుతున్నాయి. 2016లో అదే పనికి వల్కన్ అనే కొత్త ప్రమాణం వచ్చింది. దాన్లో అదే త్రిభుజానికి దాదాపు వెయ్యి లైన్లు రాయాలి. బొమ్మ గీసే దశలను ముందే ప్రకటించే రెండర్ పాస్ అనే భాగాన్ని అర్థం చేసుకోవడానికి జనం తలలు బద్దలు కొట్టుకున్నారు. సరిగ్గా అర్థమయ్యే వేళకి, 2022లో వచ్చిన 1.3 వెర్షన్ డైనమిక్ రెండరింగ్‌ను ప్రమాణంలో చేర్చి, అదంతా లేకుండా కూడా పని జరుగుతుందని చెప్పింది. అప్పటిదాకా ఆ అధ్యాయం చదవకుండా వాయిదా వేసినవాడిదే దూరదృష్టి.

ఈ విషయంలో ఫోలీ, వాన్ డామ్ బృందం రాసిన లావుపాటి పాఠ్యపుస్తకానికి నా హృదయంలో ప్రత్యేక స్థానం ఉంది. రెండో కూర్పు 1990లో వచ్చింది. మూడోది 2013లో. ఈ మధ్యలో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డులోని ప్రాసెసర్) అనే మాట బజారుకెక్కింది, దానిమీద నడిచే షేడర్లు అనే చిన్న ప్రోగ్రాములు వచ్చాయి, ఫోన్లలోకి త్రీడీ వచ్చింది. 1991లో ఒక యువకుడు "కొత్త కూర్పు వచ్చాక కొందాంలే" అని నిర్ణయించుకున్నాడనుకోండి. ఎవరూ వేలెత్తి చూపే వీలు లేకుండా 22 ఏళ్లు గడిపేయవచ్చు. ఉద్యోగంలో సగానికి పైగా అయిపోతుంది. ఒక పుస్తకం మనిషికి ఇంతకన్నా ఏం చేసిపెడుతుంది?

ఇంత చక్కటి వ్యవస్థకు మొదటి గండి 2001లో పడింది. మైకేల్ అబ్రాష్ అని ఒకాయన. క్వేక్ ఆట ఇంజన్ మీద పనిచేసిన మనిషి. 1997లో అచ్చయిన ఆయన గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ బ్లాక్ బుక్ పదమూడు వందల పేజీలు దాటింది. బరువు చూసే జనం వెనక్కి తగ్గే పుస్తకాన్ని 2001లో ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. మన అదృష్టం కొద్దీ అందులో ఉన్నది వీజీఏ కార్డులు, 486, పెంటియం ప్రాసెసర్లు, అసెంబ్లీ కోడ్. "పాతబడిపోయిందండీ" అనే మర్యాదైన మార్గం మిగిలింది. ప్రోగ్రాం నెమ్మదిగా ఎందుకు నడుస్తోందో ఊహించడం మానేసి కొలిచి చూడమని ఆయన చెప్పిన పద్ధతికి మాత్రం వయసు రాలేదు. అందుకే ఆ పుస్తకం జోలికి వెళ్లకపోవడం క్షేమం.

ఎన్‌విడియా వాళ్లు 2004, 2005, 2007లలో వచ్చిన మూడు జీపీయూ జెమ్స్ సంపుటాలనూ తమ సైట్‌లో ఉచితంగా పెట్టారు. వీళ్లని నేను తప్పుపట్టను. పుస్తకం చదివినవాడికి కార్డు కావాలి, కార్డు వాళ్ల దగ్గర ఉంది. లెక్క సూటిగా ఉంది. లెక్కకు అందని మనుషులతోనే చిక్కు.

అసలు ముద్దాయిలు మాట్ ఫార్, గ్రెగ్ హంఫ్రీస్, వెంజెల్ యాకబ్. ఫిజికల్లీ బేస్డ్ రెండరింగ్ (కాంతి భౌతికశాస్త్రం ప్రకారం బొమ్మను లెక్కగట్టడం) అనే వీళ్ల పుస్తకం మొదటి కూర్పు 2004లో వచ్చింది. (యాకబ్ మూడో కూర్పు నాటికి చేరారు. నేరంలో పాలు మాత్రం సమానమే.) పుస్తకమే ప్రోగ్రాం, ప్రోగ్రామే పుస్తకం. సిద్ధాంతం, దాన్ని అమలు చేసే పూర్తి కోడ్ ఒకే ఒరలో ఉంటాయి. కోడ్ దొరకలేదని అనడానికి వీల్లేకుండా అక్కడే కట్టడి చేశారు. 2014లో ఆస్కార్లు ఇచ్చే అకాడమీ వాళ్లే ఈ పనికి సాంకేతిక పురస్కారం ఇచ్చారు. ఫార్, హంఫ్రీస్‌లతో పాటు పాట్ హన్రహాన్ కూడా అందుకున్నారు. సినిమా వాళ్లు ఒక పాఠ్యపుస్తకానికి దండం పెట్టాక, లోకజ్ఞానం ఉన్నవాడైతే ధర పెంచుతాడు. వీళ్లు 2018లో మూడో కూర్పు మొత్తాన్ని ఉచితంగా వెబ్‌లో పెట్టారు. 2023 నాటి నాలుగో కూర్పునూ అంతే. అచ్చు పుస్తకం కావలసినవాళ్లు కొనుక్కోవచ్చు, అక్కర్లేనివాళ్లు ఊరికే చదువుకోవచ్చు. బొమ్మలన్నీ రంగుల్లో ఉన్నాయి. ఇంత పగ ఎందుకో నాకు బోధపడదు.

నిజానికి డబ్బు గురించి ఒక మాట చెప్పాలి. సాంకేతిక పుస్తకం రాసి ఇల్లు కట్టినవాళ్లు అరుదు. కొనే జనం కొద్దిమంది, రాయల్టీ ఇంకా కొద్ది, పుస్తకానికి పట్టిన సాయంత్రాలు మాత్రం లెక్కలేనన్ని. కాబట్టి చాలామంది రచయితలు వదులుకునేది వాళ్లకి ఎలాగూ రాని డబ్బునే. కానీ పుస్తకమంటే రచయిత ఒక్కడే కాదు. సమీకరణాల్లో తప్పులు పట్టే సంపాదకుడు, బొమ్మలు గీసేవాళ్లు, విషయ సూచిక కట్టేవాళ్లు ఉంటారు. వాళ్ల జీతం ఎక్కడి నుంచో రావాలి. 2019లో వచ్చిన రే ట్రేసింగ్ జెమ్స్ అనే పుస్తకం అందరికీ ఉచితమైందంటే, దాని వెనక ఒక పెద్ద కంపెనీ అండ ఉంది. ఆ కంపెనీకి పుస్తకాల మీద మోజు తీరిన రోజున ఏమవుతుందని అడిగితే అది వ్యంగ్యం కాదు, మామూలు ప్రశ్నే. ఇలాంటి మామూలు ప్రశ్నలు నా వాదాన్ని బలహీనపరుస్తాయి కాబట్టి ముందుకు వెళ్దాం.

పీటర్ షర్లీ చేసిన పని అన్నిటికంటే నీచం. 2016లో వచ్చిన ఆయన చిన్న పుస్తకం పేరులోనే, ఒక వారాంతంలో రే ట్రేసర్, అంటే కాంతి కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే ప్రోగ్రాం, రాసేయవచ్చని ఉంది. ఇప్పుడది ఉచితం. అంతవరకూ సహించవచ్చు. కానీ దానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. లైబ్రరీలు అక్కర్లేదు. సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఒకటుంటే చాలు. బొమ్మను పీపీఎం అనే ఫైలుగా రాస్తారు. అంటే ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడు వరసగా ఉండే మామూలు టెక్స్ట్ ఫైలు. "నా దగ్గర మంచి కార్డు లేదండీ" అనే రెండో మద్దెలనూ ఆయన ఈ విధంగా లాక్కున్నారు. "ఖాళీ లేదు" అనే మూడోదాన్ని పుస్తకం పేరుతోనే కొట్టేశారు.

పరిశోధనా పత్రాల పరిస్థితీ ఇలాగే దిగజారింది. ఒకప్పుడు ఒక్కో పత్రానికి డబ్బు కట్టమని అడిగే పేజీ ఎదురయ్యేది. అక్కడితో మన జిజ్ఞాస గౌరవంగా ఆగిపోయేది. 2022లో కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘమైన ఏసీఎం 1951 నుంచి 2000 వరకు తాము ప్రచురించిన పత్రాలన్నిటినీ తెరిచేసింది. వస్తువుల మీద కనబడే మెరుపును లెక్కగట్టిన ఫాంగ్ 1975 పత్రం, కజియా 1986 నాటి రెండరింగ్ సమీకరణం, అన్నీ బహిరంగమే. మూల పత్రాలే చదవాలని పట్టుబట్టి ఏదీ చదవని పెద్దమనుషులకు దెబ్బ మీద దెబ్బ.

ఇంత చీకట్లోనూ ఈ-బుక్ తయారు చేసేవాళ్లు కొందరు దీపం ఆరకుండా చూస్తున్నారు. పాఠం సైజు పెంచితే అక్షరాలు పెరుగుతాయి, సమీకరణాలు పెరగవు. ఎందుకంటే అవి చిన్న చిన్న బొమ్మలు. రాత్రిపూట నల్ల తెర పెట్టుకుంటే ప్రతి సమీకరణం ఒక తెల్ల డబ్బాలో కూర్చుని కళ్లలో పొడుస్తుంది. ఇంటిగ్రల్ గుర్తు ఒక పేజీలో ఉంటే దాని లోపలి సరుకు తర్వాతి పేజీలో ఉంటుంది. షేడర్ కోడ్ ఫోన్ వెడల్పుకు సరిపోక, ప్రతి లైనూ రెండుగా విరిగి, కవిత్వంలా కనబడుతుంది. పైగా కొన్నవాడికి పుస్తకం సొంతం కాదు, చదువుకునే అనుమతి మాత్రమే. ఒకే యాప్‌లో చదవాలి, స్నేహితుడికి ఇవ్వకూడదు. నెల చందా కట్టే పద్ధతి ఇంకా మేలు. చందా ఆపగానే నేర్చుకోవలసిన బాధ్యత కూడా ఆగిపోతుంది. దొంగ పీడీఎఫ్ తెచ్చుకున్నవాడికి ఈ కష్టాలేవీ ఉండవు. నిజాయితీగా కొన్నవాడికే ఇన్ని రక్షణ కవచాలు దక్కడం నాకు న్యాయంగానే తోస్తోంది.

ఉచితం మొదలయ్యాక పాఠకులకు జరిగిన నష్టం కూడా తక్కువేం కాదు. ప్రతి పుస్తకం వెక్టర్లతో మొదలవుతుంది, తర్వాత మాట్రిక్స్‌లు. మూడో అధ్యాయం దగ్గర పాఠకుడు ఇంకా మంచి పుస్తకం ఉందని విని అందులోకి దూకుతాడు. అక్కడా వెక్టర్లే. డాట్ ప్రొడక్ట్‌ను ఇన్నిసార్లు కొత్తగా నేర్చుకున్న తరం చరిత్రలో మరొకటి ఉండదు. పట్టుదల ఉన్నవాళ్లు రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుంటారు. ఒకరు వెక్టర్‌ను నిలువుగా రాస్తారు, ఇంకొకరు అడ్డంగా. దాంతో గుణకారం క్రమం తిరగబడుతుంది. ఒకరిది కుడిచేతి పద్ధతి, ఇంకొకరిది ఎడమచేతి పద్ధతి. ఓపెన్‌జీఎల్‌లో లోతు మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా అనుకుంటే, మైక్రోసాఫ్ట్ వాళ్ల డైరెక్ట్‌త్రీడీలో సున్నా నుంచి ఒకటి. వల్కన్‌లో వై అక్షం కిందికి చూస్తుంది. రెండు పుస్తకాల్లోంచి చెరి సగం తీసుకుని కలిపినవాడికి తెర మీద ఏమీ కనబడదు. కనబడితే తలకిందులుగా కనబడుతుంది. ఒక్క పుస్తకమైనా దొరకని రోజుల్లో ఈ టెన్షన్ ఎవరికైనా ఉందా?

కాబట్టి కొన్ని డిమాండ్లు. ఉచితంగా పెట్టిన పుస్తకాల్లో రంగు బొమ్మలను వెంటనే బూడిద రంగులోకి మార్చాలి. ఏ పుస్తకానికైనా కొత్త కూర్పు వస్తోందని ప్రకటించాలి, కానీ విడుదల చేయకూడదు. అది కుదరదంటే కనీసం ఒక తాళం ఉండాలి. వల్కన్‌లో సొంతంగా త్రిభుజం గీసి చూపించినవాడికే వల్కన్ పుస్తకం తెరుచుకునేలా ఏర్పాటు చేయాలి. గీయగలిగినవాడికి ఆ పుస్తకంతో పనేముందని కొందరు అడగవచ్చు. వాళ్లకి ప్రచురణ రంగం గురించి ఏమీ తెలియదు.

ఇవి తీరేదాకా నిరసనగా ఏ గ్రాఫిక్స్ పుస్తకాన్నీ మూడో అధ్యాయం దాటి చదవకూడదని పిలుపునిస్తున్నాను. ఈ ఉద్యమంలో చాలామంది ముందునుంచే, ఎవరి పిలుపూ లేకుండా, క్రమశిక్షణతో పాల్గొంటున్నారని తెలిసి చాలా సంతోషం కలిగింది. డౌన్‌లోడ్లు మాత్రం ఆపనక్కర్లేదు.