సూర్యుడికి కూడా ఎన్‌వోసీ కావాలంట

ఇంటి మీద సోలార్ పెట్టించుకోవడం ఇప్పుడు మస్తు ఈజీ అయిందని ఎవరైనా అంటే నమ్మండి, నిజంగానే అయింది, కాకపోతే ఢిల్లీలో. 2024 ఫిబ్రవరిలో కేంద్రంవాళ్ళు పీఎం సూర్యఘర్ స్కీమ్ తెచ్చారు, 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ, అదే నెలలో కరెంటు రూల్స్ కూడా మార్చి 10 కిలోవాట్ల లోపైతే మన లైను తట్టుకుంటుందా అని చూసే టెక్నికల్ ఫీజిబిలిటీ స్టడీ అక్కర్లేదు, అప్లై చేస్తే ఒప్పుకున్నట్టే లెక్క అన్నారు. అంటే ఎవరో సార్ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ వైపు తలెత్తి చూసి "చూద్దాం లెండి" అని వెళ్ళిపోయే సీన్ కట్.

ఇదంతా మా నాన్న చెప్పిందే. రిటైరయ్యాక ఆయన సోలార్ వీడియోలు చూసీ చూసీ ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీలో కూర్చోడు, మిద్దె ఎక్కుతాడు, ఎక్కి దక్షిణం ఎటో చూసి "మీకు 3 కిలోవాట్లు ఈజీగ పడుతయ్" అని చెప్పి అప్పుడు దిగొచ్చి చాయ్ తాగుతాడు. మాది మలక్‌పేటలో తాత కట్టించిన ఇల్లు. సరే, పోర్టల్ ఓపెన్ చేశాం, మొబైల్ నంబర్, ఓటీపీ, అన్నీ చకచకా అయిపోయాయి, కరెంటు బిల్లు మీదుండే యూఎస్‌సీ నంబర్ (కనెక్షన్ నంబర్) కొట్టగానే స్క్రీన్ మీద కన్స్యూమర్ పేరు వచ్చింది. తాత!

తాత పోయి చాలా ఏళ్ళయింది. కానీ కరెంటు లెక్కల్లో ఆయన ఇప్పటికీ నెలనెలా టైముకి బిల్లు కట్టే మంచి కస్టమర్. సబ్సిడీ పడాలంటే మీటర్ మీద పేరు, బ్యాంకు అకౌంట్ పేరు కలవాలి, తాతకేమో ఇప్పుడు కొత్తగా అకౌంట్ తెరవలేం. మా గల్లీలో సగం మీటర్లు స్వర్గస్తుల పేరు మీదే ఉంటాయి, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, బిల్లు కడితే చాలు కదా.

పేరు మార్చాలంటే డెత్ సర్టిఫికెట్, ఇంటి కాగితాలు, దాంతోపాటు మిగతా వారసులకి అభ్యంతరం లేదని ఎన్‌వోసీ. మిగతా వారసులంటే మా మేనత్తలు. పెద్దత్త హన్మకొండలో, చిన్నత్త డల్లాస్‌లో. నాన్న ఫోన్ స్పీకర్‌లో పెట్టి పెద్దత్తకి చేశాడు.

"అక్కా, జర ఒక సంతకం గావాలె, మీటర్ నా పేరు మీదికి మార్చాలె."

"మీటరా, ఇల్లా?"

"మీటరే అక్కా. సోలార్ పెట్టిస్తున్న."

"సోలార్ ఏడ పెడుతవ్ రా?"

"మిద్దె మీద."

"మిద్దె ఇంటిది గాదా మరి?"

దీనికి మా నాన్న దగ్గర జవాబు లేదు, ఏ వీడియోలోనూ చెప్పలేదు. పెద్దత్త భర్త, మా మామేమో రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, కాగితం కనిపిస్తే కామా కూడా వదలడు. నాన్న పంపిన ఎన్‌వోసీని పక్కన పెట్టి తనే కొత్తగా స్టాంపు పేపర్ మీద రాయించి, నోటరీ చేయించి, పెద్దత్త సంతకంతో కొరియర్ చేశాడు. కింద ఒక లైన్ యాడ్ చేశాడు: ఈ అంగీకారం కరెంటు మీటరుకు మాత్రమే పరిమితం, ఇంటి గోడలకు, మిద్దెకు, ముందరి జామచెట్టుకు వర్తించదు.

ఆ కాగితం తీసుకుని కౌంటర్‌లో ఇస్తే అక్కడి సార్ పాపం మంచోడే, మొత్తం చదివి కళ్ళద్దాలు తీసి అడిగాడు, "మిద్దెకు వర్తించదంటున్నరు, మరి ప్యానెళ్ళు జామచెట్టు మీద పెడతరా సార్?" జామచెట్టుక్కూడా వర్తించదు సార్ అని నేనందామనుకున్నా గానీ నాన్న మొహం చూసి ఊరుకున్నా.

మళ్ళీ హన్మకొండకి రాయబారం. చిన్నత్త మాత్రం అడగంగనే ఓకే అంది, స్కాన్ చేసి మెయిల్ కూడా పెట్టింది, ఇక్కడేమో ఒరిజినల్ ఉండాల్సిందే అన్నారు, దాంతో ఆ కాగితం డల్లాస్ నుంచి వచ్చేవాళ్ళెవరిదో సూట్‌కేసులో చాక్లెట్ ప్యాకెట్ల మధ్య హైదరాబాద్ చేరింది. చాక్లెట్లు ముందే అయిపోయాయి.

నాకనిపించేదేంటంటే, 10 కిలోవాట్ల లోపు స్టడీ ఎత్తేసినోళ్ళు ఆ సోలార్ ఫారంలోనే పేరు మార్పు కూడా కలిపేస్తే పోయేది కదా, ట్రాన్స్‌ఫార్మర్‌తో అసలు పేచీయే లేదు, పేచీ అంతా మనుషులతోనే.

ఫిట్టింగ్ సంగతి పెద్దగా లేదు, అమ్మ మిరపకాయలు ఎండబెట్టుకునే చోటు పోనివ్వనంటే స్టాండ్లు ఎత్తు లేపి పెట్టారు, అంతే. అసలు కథ తర్వాత. ఫిట్ చేసిన పిల్లగాడు "టెస్టింగ్ కోసం ఆన్ చేస్తున్న అంకుల్, నెట్ మీటర్ పడేదాకా బంద్ జేసుకోండ్రి" అని బైకెక్కి వెళ్ళిపోయాడు. నాన్నకి మొదటి సగమే వినపడింది. ఫోన్‌లో యాప్ వేసుకుని, ఇవాళ 11 యూనిట్లు, ఇవాళ 12 అని రోజూ సాయంత్రం ఫ్యామిలీ గ్రూపులో స్క్రీన్‌షాట్లు, పెద్దత్త నుంచి దండం ఎమోజీలు, ఏసీ కూడా పగలే ఆన్, ఆహా.

నెలాఖరుకి బిల్లొచ్చింది. తగ్గలేదు. పెరిగింది! మీటర్ చెడిపోయిందని నాన్న లైన్‌మన్‌ని పిలిచాడు, ఆయన మీటర్ని చూసి, పైన ప్యానెళ్ళని చూసి, తర్వాత నాన్నని చూశాడు. "అంకుల్, ఇది పాత మీటర్. దీనికి కరెంటు వచ్చుడు పోవుడు ఫరక్ దెల్వది, లెక్కపెట్టుడొక్కటే తెలుసు. మీరు బయటికి పంపింది గూడ వాడినట్టే రాసింది." అంటే ఇంట్లో వాడుకోగా మిగిలి లైన్‌లోకి పోయిన ప్రతి యూనిట్‌కీ మేమే బిల్లు కట్టాం. మా మిద్దె మీద పుట్టిన కరెంటుని పక్కింటివాళ్ళకి ఫ్రీగా ఇచ్చి, బిల్లులో ఎక్కువ రేటు స్లాబుకి కూడా ఎక్కి, పైసలు మేమే కట్టడం. నాన్న ఆ రోజు యాప్ ఓపెన్ చేయలేదు.

మొత్తానికి నెట్ మీటర్ పడింది. ఇది వచ్చుడు వేరే, పోవుడు వేరే రాస్తుంది. ఆ వారంలోనే గాలివాన వచ్చి గల్లీ మొత్తం చీకటి, మాకూ చీకటే, ఎదురింటి ఆంటీ గేటు దగ్గర నుంచే "ఏంది అన్నా, లక్షలు పోసి సోలార్ పెట్టిస్తిరి, మీక్కూడ పోయిందా?" అంది. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి కలిపిన ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు పోతే ఆగిపోవాల్సిందే ఆంటీ, లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి షాక్ కొడుతుంది అని చెప్పబోయా, అసలు రాత్రిపూట ఎండెక్కడిది అని అమ్మ అంది. ఆమెదే కరెక్ట్.

తర్వాత ఒకరోజు పొద్దున్నే బ్యాంకు నుంచి మెసేజ్. సబ్సిడీ పడింది, 78,000, మొత్తం ఒక్కసారే. నాన్న ఆగుతాడా, వద్దు నాన్నా అంటున్నా వినకుండా స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టేశాడు. చిన్నత్త చప్పట్ల ఎమోజీ పెట్టింది. పెద్దత్త ఏమీ పెట్టలేదు, నేరుగా ఫోనే చేసింది.

"తమ్మీ, సంతోషం రా. మీ బావ ఇప్పుడే లెక్కగట్టిండు, ముగ్గురికి తలా 26,000 వస్తదట గదా?"